పూర్వస్థాపిత ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు - తెలుగు పాఠ సంరక్షణ: ఒక చారిత్రక పరిశీలన

ప్రస్తావన

కొత్తగా కొన్న కంప్యూటరును తెరవగానే అందులో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ సిద్ధంగా కనిపిస్తుంది. కీబోర్డు నుంచి అక్షరాన్ని స్వీకరించడం, దాన్ని సంకేతంగా భద్రపరచడం, తిరిగి తెరమీద లిపిరూపంలో చూపడం దాని అధీనంలోని పనులు. కర్మాగారంలోనే అమర్చి పంపిన ఈ వ్యవస్థను తొలగించి మరొకదాన్ని స్థాపించుకోవడాన్ని సాధారణంగా సాంకేతిక విషయంగానే పరిగణిస్తారు. తెలుగు శాఖలకు దీనితో ప్రమేయం లేదన్న భావన కూడా ఉంది.

ఈ భావనను పునఃపరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. యంత్రంతో వ్యవస్థ కలిసి రావడం సహజ ధర్మం కాదనీ, కొన్ని వాణిజ్య ఒప్పందాల ఫలితంగా స్థిరపడిన ఆచారమనీ మొదట నిరూపించే ప్రయత్నం జరుగుతుంది. ఆ వ్యవస్థను మార్చిన రెండు పెద్ద ప్రయత్నాల అనుభవం తరువాత పరిశీలితమవుతుంది. చివరగా, ఈ మార్పు తెలుగు పాఠానికి ఎలాంటి పరీక్ష పెడుతుందో చర్చించడం జరుగుతుంది. వ్యవస్థ మారినప్పుడు నిలిచే పాఠం భాషకు చెందినది. నిలవని పాఠం యంత్రానికి చెందినది. ఈ వ్యాసం ప్రతిపాదించే ప్రధానాంశం ఇదే.

యంత్రం, వ్యవస్థ వేరువేరుగా ఉన్న దశ

వ్యక్తిగత కంప్యూటర్ల చరిత్రలో 1981 ఆగస్టు 12 ముఖ్యమైన తేదీ. ఐబీఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటరును ఆ రోజు ప్రకటించింది. ఆ యంత్రానికి ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలన్న నియమం అప్పుడు లేదు. పీసీ-డాస్, సీపీ/ఎం-86, యూసీఎస్‌డీ పీ-సిస్టమ్ అనే మూడింటిని ఐబీఎం విడివిడి వస్తువులుగా ప్రకటించింది. కొనేవారు తమకు కావలసినదాన్ని ఎంచుకోవచ్చు. అయితే పీసీ-డాస్ ధర 40 డాలర్లు కాగా, సీపీ/ఎం-86 ధర 240 డాలర్లు. ఎంపిక పేరుకు మూడింటి మధ్య ఉన్నా, ధర దాన్ని ఒకదానివైపు మళ్లించింది.

పీసీ-డాస్‌ను ఐబీఎంకు సమకూర్చిన మైక్రోసాఫ్ట్, అదే వ్యవస్థను ఇతర తయారీదారులకు అమ్ముకునే హక్కును తనవద్దే ఉంచుకుంది. ఐబీఎం యంత్రాన్ని పోలిన యంత్రాలను ఇతర సంస్థలు తయారు చేయడం మొదలయ్యాక ఈ హక్కు విలువ తెలిసివచ్చింది. యంత్రాలు తయారుచేసే సంస్థలు అనేకమైనా, వాటన్నిటికీ వ్యవస్థను ఇచ్చే సంస్థ ఒకటే అయింది.

పూర్వస్థాపన ఆచారంగా స్థిరపడిన తీరు

ఆచారాన్ని స్థిరపరచినది ‘ప్రాసెసరుకు ఇంత’ అనే లెక్కతో కుదిరిన ఒప్పందం. తయారీదారు పంపిన ప్రతి యంత్రానికీ, అందులో ఏ వ్యవస్థ ఉన్నా, మైక్రోసాఫ్ట్‌కు రుసుము చెల్లించాలి. వేరే వ్యవస్థను అమర్చదలచిన తయారీదారుకు రెండు రుసుములు పడతాయి. ఈ పద్ధతిని అమెరికా న్యాయశాఖ ప్రశ్నించడంతో 1994 జులైలో ఒక అంగీకార ఒప్పందం కుదిరి, ఇటువంటి షరతులు నిషిద్ధమయ్యాయి. అప్పటికే కొనుగోలుదారుల అలవాటు స్థిరపడిపోయింది. నిబంధన పోయినా ఆచారం మిగిలింది.

వినియోగదారుల నిరసన 1999 ఫిబ్రవరి 15న బహిరంగ రూపం ధరించింది. వినియోగ ఒప్పందాన్ని అంగీకరించనివారు ఉత్పత్తిని తిరిగి ఇచ్చి డబ్బు పొందవచ్చన్న వాక్యం ఆ ఒప్పందంలోనే ఉంది. దాన్ని ఆధారం చేసుకొని లినక్స్ వాడేవారు ‘విండోస్ రిఫండ్ డే’ పేరిట కాలిఫోర్నియాలోని మైక్రోసాఫ్ట్ కార్యాలయానికి వెళ్లారు.

ఐరోపాలో ఈ ప్రశ్న న్యాయస్థానాలకు చేరి, భిన్నమైన సమాధానాలు పొందింది. వాడదలచని పూర్వస్థాపిత వ్యవస్థ ధరను తయారీదారు తిరిగి చెల్లించాలని ఇటలీ అత్యున్నత న్యాయస్థానం 2014లో తీర్పు చెప్పింది. వ్యవస్థతో కలిపి యంత్రాన్ని అమ్మడం దానికదిగా అనుచిత వ్యాపార పద్ధతి కాదని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2016 సెప్టెంబరు 7న ప్రకటించింది. వ్యవస్థ ధరను విడిగా చూపకపోవడం కూడా వినియోగదారుణ్ణి తప్పుదారి పట్టించడం కాదని ఆ తీర్పు పేర్కొంది. 1981లో విడివిడిగా ధర ప్రకటించిన రెండు వస్తువులు, 35 ఏళ్ల తరువాత, విడి ధర చెప్పనవసరం లేని ఒకే వస్తువుగా చట్టం దృష్టిలో కూడా మారాయి.

మార్పునకు మార్గం ఏర్పడిన విధానం

ఉన్నదాన్ని తొలగించాలంటే దాని స్థానంలోకి రాగలిగిన మరొకటి ఉండాలి. రిచర్డ్ స్టాల్‌మన్ 1983 సెప్టెంబరులో గ్నూ ప్రణాళికను ప్రకటించాడు. వాడుకోవడానికి, అధ్యయనం చేయడానికి, మార్చడానికి, పంచుకోవడానికి అందరికీ స్వేచ్ఛనిచ్చే సంపూర్ణ వ్యవస్థను నిర్మించడం దాని లక్ష్యం. హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో రాసిన లినక్స్ కెర్నల్, గ్నూ ఉపకరణాలతో కలిసి ఆ లక్ష్యానికి వాస్తవ రూపమిచ్చింది. 1993లో స్లాక్‌వేర్, డెబియన్ వంటి పంపిణీలు వెలువడ్డాయి.

అయితే తొలి దశలో స్థాపన సులభం కాలేదు. హార్డ్ డిస్కును విభాగాలుగా చేయడం, బూట్ లోడరును అమర్చడం వంటివి తెలిసినవారికే సాధ్యం. చిన్న పొరపాటుకు డిస్కులోని సమాచారమంతా పోయే ప్రమాదం ఉండేది. అందుచేత లినక్స్ వాడేవారు ఒకచోట చేరి కొత్తవారి యంత్రాలలో వ్యవస్థను స్థాపించి ఇచ్చే కూడికలు అనేక దేశాల్లో జరిగేవి. 2000లో వచ్చిన నాపిక్స్ డిస్కులో ఏమీ మార్చకుండానే సీడీ నుంచి వ్యవస్థను నడిపి చూసే వీలు కల్పించింది. 2004 అక్టోబరులో మొదలైన ఉబుంటు సీడీలను కోరినవారికి ఉచితంగా తపాలాలో పంపడంతో, నిపుణుల పనిగా ఉన్న మార్పు సామాన్య వాడుకరికి చేరువైంది.

2012లో విండోస్ 8తో పాటు సెక్యూర్ బూట్ విస్తృతంగా అమలులోకి వచ్చింది. గుర్తింపు పొందిన డిజిటల్ సంతకం ఉన్న వ్యవస్థనే యంత్రం ప్రారంభించనిస్తుంది. హానికర ప్రోగ్రాములను నిరోధించడం దీని ప్రయోజనం. కాని లినక్స్ పంపిణీలు కూడా మైక్రోసాఫ్ట్ తాళపుచెవితో సంతకం చేయించుకున్న ఒక చిన్న ప్రోగ్రామును ఆశ్రయించవలసి వచ్చింది. సాధారణ ఇంటెల్ తరహా యంత్రాలలో ఈ కట్టుబాటును వాడుకరి తొలగించుకొనే వీలును నాటి నిబంధనలు ఉంచాయి. ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న యంత్రాలలో అప్పట్లో ఆ వీలు ఉండేది కాదు.

భారతీయ విపణిలో మరో మార్గం కూడా కనిపిస్తుంది. విండోస్ లేకుండా, 1994లో మొదలైన ఫ్రీడాస్‌తో తక్కువ ధరకు ల్యాప్‌టాప్‌లు అమ్మడం ఇక్కడ పరిచితమే. వాటిని కొన్నవారు తమకు నచ్చిన వ్యవస్థను తామే స్థాపించుకోవాలి. అంటే యంత్రం, వ్యవస్థ వేరన్న 1981 నాటి స్థితి పూర్తిగా అంతరించలేదు.

రెండు అనుభవాలు: మ్యూనిక్, కేరళ

వ్యక్తులు తమ యంత్రంలో చేసుకునే మార్పునకూ సంస్థలు చేసే మార్పునకూ తేడా ఉంది. జర్మనీలోని మ్యూనిక్ నగర పాలక మండలి తన కార్యాలయ కంప్యూటర్లను విండోస్ నుంచి లినక్స్‌కు మార్చాలని 2003లో నిర్ణయించింది. ‘లిమక్స్’ అనే పేరుతో జరిగిన ఈ పని సుమారు పదేళ్లు సాగి, 2013 నాటికి దాదాపు 15,000 యంత్రాలకు వర్తించింది. వ్యవస్థను స్థాపించడంకంటే, వివిధ శాఖలు ఏళ్ల తరబడి తయారు చేసుకున్న పత్ర నమూనాలనూ మాక్రోలనూ కొత్త వ్యవస్థకు తేవడం వారికి ఎక్కువ శ్రమ కలిగించింది. వాటి కోసం ‘వోల్‌మక్స్’ అనే ప్రత్యేక ఉపకరణాన్ని నిర్మించుకోవలసి వచ్చింది. చివరికి 2017లో మండలి తిరిగి విండోస్‌కు వెళ్లాలని తీర్మానించింది. యంత్రం మార్పు ఎంత పెద్దదైనా, పాత పత్రాల భారం తీరకపోతే అది నిలవడం కష్టమని ఈ ఉదాహరణ సూచిస్తుంది.

కేరళలో 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ ప్రణాళిక క్రమంగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు మళ్లింది. ఆ దశాబ్దం చివరినాటికి ప్రభుత్వ పాఠశాలల్లో కంప్యూటర్ బోధన లినక్స్ ఆధారంగా సాగింది. ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం, పాఠ్యగ్రంథాలను మాతృభాషలో తయారు చేయడం ఇందులో అంతర్భాగాలు. దానికి సమాంతరంగా స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ అనే స్వచ్ఛంద సమూహం ఫాంట్లను, కీబోర్డు పద్ధతులను అభివృద్ధి చేసింది. 1971 లిపి సంస్కరణతో టైపురైటర్ సౌకర్యార్థం విడగొట్టిన సంయుక్తాక్షరాలను పూర్వరూపంలో తిరిగి చూపే ‘రచన’ ఫాంటు ఈ వాతావరణంలో ప్రాచుర్యం పొందింది. యంత్రానికి తగినట్లు ఒకనాడు లిపిని మార్చారు. మరొకనాడు లిపికి తగినట్లు యంత్రాన్ని మార్చుకున్నారు. మార్చుకునే హక్కు ఉన్న వ్యవస్థ ఈ రెండో పనికి తోడ్పడింది. మ్యూనిక్‌లో పత్రాలు మార్పునకు అడ్డు నిలిచాయి. కేరళలో భాషావసరమే మార్పునకు బలమైంది. తెలుగు పరిస్థితిని ఈ రెండు పాఠాల వెలుగులో చూడవలసి ఉంది.

తెలుగు సందర్భం

డాస్ కాలంలో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌లో భాగం కాదు. ఐఐటీ కాన్పూరులో రూపొందిన జిస్ట్ పరిజ్ఞానాన్ని పూణేలోని సీడాక్ అభివృద్ధి చేసింది. కంప్యూటరులో విడిగా అమర్చిన జిస్ట్ కార్డు భారతీయ లిపులను తెరమీద చూపేది. భారతీయ లిపులకు ఉమ్మడి సంకేత ప్రమాణంగా ఇస్కీ 1991లో భారతీయ ప్రమాణమైంది. అదే ఏడాది వెలువడిన యూనికోడ్ తొలి సంపుటి తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. ప్రమాణం ఏర్పడినా, దాన్ని అమలుపరిచే వ్యవస్థలు వాడుకలోకి రావడానికి మరో పదేళ్లు పట్టింది.

ఆ పదేళ్లలోనే తెలుగు అచ్చు ప్రపంచం కంప్యూటరుకు మారింది. విండోస్‌లో అను, శ్రీలిపి వంటి ప్యాకేజీలు, పేజ్‌మేకర్‌తో కలిసి పత్రికలకూ ప్రచురణకర్తలకూ డీటీపీ కేంద్రాలకూ ఆధారమయ్యాయి. అవి చేసిన మేలు చిన్నది కాదు. సీసపు అచ్చుల స్థానంలో అందమైన తెలుగు అక్షరాలు తక్కువ ఖర్చుతో అందరికీ అందాయి. అయితే వాటి పద్ధతిలో నిలవ ఉండేది తెలుగు అక్షరం కాదు. రోమన్ అక్షరాలకు కేటాయించిన స్థానాలలో తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు వంటి లిపిఖండాల బొమ్మలను నింపి, వాటిని చూపుకు కుదిరే వరుసలో పేర్చడం ఆ పద్ధతి. ఫాంటు తొలగిస్తే మిగిలేది అర్థంలేని రోమన్ గుర్తుల వరుస. యూనికోడ్‌లో ‘స్త్రీ’ అన్న పదం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకార గుర్తు అనే 6 సంకేతాలుగా ఉచ్చారణ క్రమంలో నిలుస్తుంది. ఏ ఫాంటు వాడినా ఆ 6 సంకేతాలు మారవు.

విండోస్ 2000 దేవనాగరికీ తమిళానికీ మద్దతునివ్వగా, తెలుగుకు ఆ అవకాశం 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో లభించింది. గౌతమి ఫాంటు దానితోనే వచ్చింది. కాని సాధారణ స్థాపనలో సంక్లిష్ట లిపుల మద్దతు చేరి ఉండేది కాదు. వాడుకరి అమరికలలోకి వెళ్లి, సీడీ పెట్టి, దాన్ని విడిగా చేర్చుకోవాలి. యంత్రంతో ముందే వచ్చిన వ్యవస్థలో తెలుగు ముందే రాలేదన్నమాట.

లినక్స్ పక్షాన తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో పంపిణీలలో చేరాయి. లోహిత్, నోటో కుటుంబాలు తరువాత తోడయ్యాయి. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనిపించే లినక్స్ పంపిణీని రూపొందించింది. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఆపిల్, పోతన వంటి కీబోర్డు పద్ధతులు కూడా అందులో లభ్యమవుతాయి. డీటీపీలో వేళ్లకు అలవాటైన పద్ధతిని విడిచిపెట్టకుండానే యూనికోడ్‌లో రాయడం దీనివల్ల సాధ్యం.

వ్యవస్థకూ అక్షరానికీ ఉన్న సంబంధాన్ని 2018 ఫిబ్రవరిలో ఒక సంఘటన ప్రపంచానికి చూపింది. జకార ఞకార సంయుక్తానికీ దానిమీది దీర్ఘానికీ నడుమ కంటికి కనిపించని ఒక విభాజక సంకేతం చేరిన అక్షరగుచ్ఛాన్ని చూపబోయి ఐఫోన్లలోనూ మ్యాక్ కంప్యూటర్లలోనూ అనువర్తనాలు కుప్పకూలాయి. అక్షరాన్ని రూపుదిద్దే భాగంలో దోషం ఉంది. ఆపిల్ అదే నెలలో సవరణ విడుదల చేసింది. అంతవరకు తెలుగు వాడుకరి చేయగలిగింది ఎదురుచూడడమే. స్వేచ్ఛా వ్యవస్థలో దోషాలు ఉండవని కాదు. అక్కడ అక్షరరూపకల్పన చేసే హార్ఫ్‌బజ్ వంటి భాగాల మూలం బహిరంగం. తెలుగు తెలిసినవారెవరైనా దోషాన్ని చూపి, సవరణను కూడా ప్రతిపాదించవచ్చు. దిద్దే అధికారం ఎవరిదన్నదే ఇక్కడి భేదం.

పాఠపరిష్కర్త దృష్టిలో

తాళపత్రం శాశ్వతం కాదని మన పూర్వులకు తెలుసు. శిథిలమయ్యే ప్రతిని చూసి మరో ప్రతి రాయించడం పాఠ సంరక్షణలో భాగంగా ఉండేది. సీపీ బ్రౌన్ పండితుల చేత తాళపత్ర గ్రంథాలకు కాగితపు ప్రతులు రాయించడం ఈ సంప్రదాయానికి కొనసాగింపే. ఆధారవస్తువు మారినప్పుడల్లా పాఠం బతికింది. లేఖక దోషాలతో కొంత మారింది కూడా. ఆ దోషాలను గుర్తించే శాస్త్రమే పాఠపరిష్కరణ.

ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు ఇటువంటి ఆధారవస్తు మార్పే. 1990ల నుంచి పాత ఫాంట్లలో టైపు చేసిన సిద్ధాంత వ్యాసాలు, సంకలనాలు, పత్రికా సంచికలు విండోస్, పేజ్‌మేకర్, ఒక ఫాంటు అనే మూడు స్తంభాల మీద నిలిచి ఉన్నాయి. పేజ్‌మేకర్ చివరి ముఖ్య రూపం 7.0 వెలువడింది 2001లో. అందులోని ఫైళ్లు కొత్త వ్యవస్థలో తెరుచుకోకపోవచ్చు. తెరుచుకున్నా చదవడానికి వీలుగా ఉండకపోవచ్చు. పీడీఎఫ్‌గా మార్చినవి చూపుకు తెలుగే అయినా, వాటిలో ఒక పదాన్ని వెతకడానికి వీలులేదు. పదసూచికను అకారాది క్రమంలో పేర్చడం, ప్రయోగాలను లెక్కించడం, రెండు ప్రతుల పాఠాలను యంత్రసహాయంతో పోల్చడం అసాధ్యం. పరిశోధకుడికి అది పాఠం కాదు, పాఠపు ఛాయాచిత్రం.

విండోస్‌లోనే ఉండిపోతే ఈ సమస్య రాదన్న వాదం ఉండవచ్చు. కాని విండోస్ ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8తోనూ, విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తోనూ ముగిశాయి. విండోస్ 11 కోరే భద్రతా భాగం లేని యంత్రాలు, ఇంకా పనిచేస్తున్నవైనా, దాని అర్హతకు వెలుపల మిగిలిపోతాయి. మార్చుకోకపోయినా మార్పు తప్పదు. దాని సమయాన్ని మనం నిర్ణయిస్తామా, మరొకరు నిర్ణయిస్తారా అన్నదే ప్రశ్న.

పాత వ్యవస్థలో నిలిచిపోవడంవల్ల లిపిపరంగా కూడా నష్టం ఉంది. దంత్య చజలైన ౘ, ౙ యూనికోడ్‌లో చేరింది 2008లో వచ్చిన 5.1 సంపుటితో. అవగ్రహ చిహ్నం, తెలుగు భిన్నాంకాలు కూడా అప్పుడే చేరాయి. నకారపొల్లుకు ప్రత్యేక స్థానం 2021లో లభించింది. అంతకు పూర్వం రూపొందిన ఫాంట్లలో ఈ స్థానాలు ఖాళీ గడులుగా కనిపించడం సహజం. ప్రాచీన కావ్యాలను, నిఘంటువులను పరిష్కరించేవారికి ఈ అక్షరాలు అలంకారాలు కావు.

కాబట్టి పాత యంత్రంలో కొత్త వ్యవస్థను స్థాపించే ముందు శాఖలు చేయవలసిన పని సాంకేతికమైనది మాత్రమే కాదు. ఏ ఫైలు ఏ ఫాంటులో ఉందో పట్టిక రాయడం మొదటిది. మూల ఫైలును, దాని ఫాంటును, తుది పీడీఎఫ్‌ను మార్చకుండా విడిగా భద్రపరచడం రెండవది. అవసరమైతే పాత వ్యవస్థను కొత్తదాని లోపలే వర్చువల్ యంత్రంగా ఉంచుకోవచ్చు. పాఠాన్ని యూనికోడ్‌కు మార్చి, అచ్చుప్రతితో పోల్చి చూడడం మూడవది. తొలినాటి వార్తాపత్రికల వెబ్‌సైట్లలోని సొంత ఫాంట్ల పాఠాన్ని యూనికోడ్‌గా చూపిన పద్మ వంటి ఉపకరణాలు ఈ మార్పిడి సాధ్యమని ఎప్పుడో నిరూపించాయి. కాని మార్పిడిలో అరసున్న, బండి ఱ, అరుదైన సంయుక్తాక్షరాలు చెదిరే అవకాశం ఉంది. ఇవి నేటి లేఖక దోషాలు. ఛందస్సు తెలిసినవారు, పాఠభేదాలు పట్టగలిగినవారు మాత్రమే వీటిని దిద్దగలరు. ఆ యోగ్యత కంప్యూటర్ కేంద్రానికి కాదు, తెలుగు శాఖకు ఉంది.

ముగింపు

1981లో విడివిడిగా అమ్మిన యంత్రం, వ్యవస్థ వాణిజ్య ఒప్పందాలవల్ల ఒకటై, కాలక్రమంలో సహజమైనవిగా తోచాయి. వాటిని తిరిగి వేరుచేసే స్వేచ్ఛను గ్నూ, లినక్స్ ఉద్యమాలు నిలబెట్టాయి. మ్యూనిక్ అనుభవం పాత పత్రాలను ముందుగా విడిపించుకోవలసిన అవసరాన్ని బోధిస్తే, కేరళ అనుభవం భాషాసమాజం పూనుకుంటే వ్యవస్థ లిపికి లోబడుతుందని తెలుపుతుంది. ఒక విశ్వవిద్యాలయం విండోస్‌ను ఎంచుకున్నా, లినక్స్‌ను ఎంచుకున్నా, ఆ ఎంపిక తన పాఠ భాండాగారాన్ని బట్టి జరగాలి గాని యంత్రంతో వచ్చినదాన్ని బట్టి కాదు. సంకేత ప్రమాణాన్ని ఆశ్రయించిన పాఠానికి ఏ వ్యవస్థ అయినా తాత్కాలిక నివాసమే. ఫాంటును ఆశ్రయించిన పాఠానికి ఆ నివాసమే ఆయుఃప్రమాణం. ముద్రిత ప్రతి ఒక్కటే మిగిలి, దాన్ని టైపు చేసిన ఫైలు తెరవడానికి యంత్రం దొరకని పరిస్థితి రాకముందే, గత మూడు దశాబ్దాల సిద్ధాంత వ్యాసాల మార్పిడిని తెలుగు శాఖలు పరిశోధన కార్యంగా గుర్తించి చేపట్టవలసి ఉంది.